చేతిఫోనులో ఛాయాచిత్రాలు: ఏరుట, పేర్చుట, దాచుట

సెల్‌ఫోను లేని ఇల్లు ఈనాడు మన కృష్ణా డెల్టాలో లేదంటే అతిశయోక్తి కాదు. ఫోను ఉన్న ప్రతివారూ ఛాయాగ్రాహకులే. పెళ్ళి, పేరంటం, పొలంలో పురుగు, పట్టాదారు పాసుపుస్తకం, లెక్చరరు గారు బోర్డు మీద వేసిన సమీకరణం, ఏది కనబడినా ముందు ఫోటో తీసేస్తున్నాం. సర్దడం తర్వాత చూద్దాం అనుకుంటున్నాం. ఆ తర్వాత అనేది రాదు. అందుచేత ఫోనులో ఫోటోలు వేలకొద్దీ ఉంటాయి గాని, కావలసినది కావలసిన వేళకు దొరకదు. ఫోటోలు పోగుపడటం వేరు, వాటిని దాచుకోవడం వేరు. ఈ రెండింటికీ గల తేడాను, రెండోది ఎలా చేయాలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అవసరం ఎక్కడున్నది?

ఇది పొద్దుపోక చేసే పని అని కొందరు మిత్రులు అనుకోవచ్చు. రైతు కుటుంబం నుంచి వచ్చిన నాకు అలా తోచదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి నేలకొరిగింది, కోసిన పనలు నీళ్ళలో నానిపోయాయి. మా ఊళ్ళో నాకు బాబాయి వరసయ్యే రైతు ఒకాయన చేను ఫోటో తీయబోతే, స్టోరేజి నిండిపోయిందని ఫోను చెప్పింది. వానలో గట్టు మీద నిలబడి ఏవి తీసెయ్యాలో ఆయనకు పాలుపోలేదు. చేతికి తగిలినవి డిలీట్ చేశాడు. వాటిలో ఆ ఏటి ఎరువుల బిల్లు ఫోటో కూడా పోయింది. శుభోదయం బొమ్మలు మాత్రం చెక్కు చెదరలేదు!

ఆ మరుసటి ఏడే బెజవాడ అనుభవం మనందరికీ విదితమే. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానలకు బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు కాలనీలను ముంచింది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఇంట్లోకి నీళ్ళొస్తే మొదట తడిసేవి బీరువా కింది అరలోనివే. పెళ్ళి ఆల్బములు, దస్తావేజులు, సర్టిఫికెట్లు అక్కడే ఉంటాయి కదా. పాత ఫోటో కాగితం మీద జెలటిన్ పొర ఉంటుంది. తడిస్తే అది ఉబ్బుతుంది, ఆరేటప్పుడు పక్క ఫోటోకు జిగురులాగా పట్టుకుంటుంది. తరువాత బలవంతంగా లాగితే బొమ్మ ఊడి వస్తుంది. అలాంటప్పుడు, అంతకుముందే ఫోనులోకి తీసి వేరొక చోట భద్రపరచిన ప్రతి ఒక్కటే ఆ కుటుంబానికి మిగిలేది.

ఒక ఫోటో బరువెంత?

ఏరివేత మొదలుపెట్టే ముందు కొంచెం శాస్త్రం తెలిస్తే పని తేలికవుతుంది. డిజిటల్ ఫోటో అంటే చుక్కల పట్టిక. 12 మెగాపిక్సెళ్ళ కెమెరా అంటే అడ్డంగా 4,000, నిలువుగా 3,000, వెరసి 1,20,00,000 చుక్కలు. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల పాళ్ళు తెలిపే మూడు అంకెలుంటాయి. అంకెకొక బైటు చొప్పున వేసుకుంటే 3 కోట్ల 60 లక్షల బైట్లు, అనగా 36 మెగాబైట్లు.

అంత బరువును ఫోను మోయదు. 1992లో ప్రమాణంగా స్థిరపడిన జేపెగ్ పద్ధతిలో, బొమ్మను ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్ళుగా విడదీసి, కంటికి ఆనని సన్నని తేడాలను వదిలేసి మిగతాది రాసుకుంటుంది. మన కన్ను వెలుతురులోని తేడాను పట్టినంత చురుగ్గా రంగులోని తేడాను పట్టలేదు. ఈ పద్ధతి ఆ బలహీనతనే వాడుకుంటుంది. ఆ విధంగా 36 మెగాబైట్లు సుమారు 3 నుంచి 5 మెగాబైట్లకు దిగుతాయి. ఖాళీ ఆకాశం ఫోటో తేలిక, ఆకు ఆకూ కనబడే వరిచేను ఫోటో బరువు.

ఇక వీడియో సంగతి. మామూలు ఫుల్ హెచ్‌డీ వీడియో నిమిషానికి దాదాపు 100 మెగాబైట్లు తింటుంది. అంటే నిమిషం వీడియో ఇంచుమించు 25 ఫోటోలకు సమానం. మనకు 20 గిగాబైట్ల జాగా ఉంటే 5,000 ఫోటోలు పడతాయి, అదే వీడియోలైతే మూడు గంటల ఇరవై నిమిషాలకే సరి. వాట్సాప్‌లో వచ్చే బొమ్మలు ఒక్కొక్కటీ చాలా చిన్నవి. కాబట్టి గమనింపదగిన విషయమేమంటే, జాగా తినేవి వేరు, వెతుకులాట పెంచేవి వేరు. మొదటివి వీడియోలు, రెండోవి వాట్సాప్ బొమ్మలు. రెండింటికీ మందు ఒకటి కాదు.

రీలు కాలం నాటి పొదుపు

1957లో అమెరికాలో రసెల్ కిర్ష్ తన పసిబిడ్డ ఫోటోను 176 చుక్కల వెడల్పు, అంతే ఎత్తు గల బొమ్మగా కంప్యూటరులోకి ఎక్కించాడు. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవ్ శాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా ఒక్క ఫోటోను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేది. మన ఇళ్ళలో మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం రీలు కెమెరాయే. రీలుకు 36 ఫోటోలు. పెళ్ళిలో ఫోటోగ్రాఫరు ఒక్కొక్కటీ లెక్క చూసుకుని నొక్కేవాడు. ఏరివేత మీట నొక్కకముందే జరిగిపోయేది. ఇప్పుడు నొక్కడానికి ఖర్చు లేదు. అందువల్ల ఆ ఏరివేత నొక్కిన తరువాత మనమే చేసుకోవలసి వచ్చింది. కళ్ళంలో తూర్పారబట్టి తాలు పోగొట్టాకే కదా ధాన్యం గాదెకెత్తేది!

నాలుగు కుప్పలు

ఫోనులోని ఫోటోలన్నింటినీ నాలుగు కుప్పలుగా భావించవచ్చు.

మొదటిది ఆధారాలు. పాసుపుస్తకం, ఈ-పంట రసీదు, మార్కుల జాబితా, విత్తనాల సంచి మీది చీటీ, ఎరువుల బిల్లు, పంట నష్టం ఫోటోలు ఇందులోకి వస్తాయి. వీటిని తీసిన రోజే విడిగా ఒక ఆల్బంలో వేయాలి.

రెండవది మనుషులు. ఇక్కడ గట్టిగా ఉండకూడదు. ఒకే దృశ్యం పదిసార్లు తీసి ఉంటే రెండు ఉంచి ఎనిమిది తీసెయ్యవచ్చు. కాని మా నాయనమ్మవి మా ఇంట్లో ఉన్నవి రెండే ఫోటోలు. ఒకటి రేషను కార్డు కోసం తీయించినది, రెండోది ఎవరి పెళ్ళిలోనో వెనక వరసలో నిలబడినది. అది మసకగా ఉన్నా తాలు కాదు.

మూడవది చదువు, పని. బోర్డు మీది పాఠాలు, లాబ్ రీడింగులు, తెగులు సోకిన ఆకులు ఈ కుప్పలోనివి. వీటికి గడువుంటుంది. సెమిస్టరు పరీక్షలు అయిపోగానే ఒకసారి చూసి, పనికొచ్చేవి నోట్సులోకి ఎక్కించి మిగతావి తీసెయ్యాలి.

నాలుగవది తాలు. శుభోదయాలు, పండగ శుభాకాంక్షలు, అయిపోయిన బస్సు టికెట్ల స్క్రీన్‌షాట్లు, జేబులో పొరపాటున పడిన చీకటి ఫోటోలు. మనలో చాలామంది ఫోన్లలో పెద్ద కుప్ప ఇదే.

చేయవలసిన క్రమం

మొదట, ఏదీ డిలీట్ చేయకముందు ఆధారాలు, మనుషులు అనే రెండు కుప్పలకు వేరే చోట ఒక ప్రతి తీసుకోవాలి. రెండవది, వీడియోలను పరిమాణం వారీగా పేర్చుకుని పెద్దవాటితో మొదలుపెట్టాలి. అరగంటలోనే ఫోను తేలికపడుతుంది. మూడవది, వాట్సాప్ సెట్టింగుల్లో స్టోరేజి నిర్వహణ అనే చోటుకు వెళ్తే 5 మెగాబైట్లకు మించినవి, ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవి విడివిడిగా కనబడతాయి. అక్కడే వాటిని ఏరవచ్చు. నాలుగవది, మిగిలిన ఫోటోలను నెలవారీగా, రోజుకు పది నిమిషాలు చూసుకోవాలి. ఐదేళ్ళ చెత్త ఒక్క పూటలో ఊడ్చాలనుకుంటే విసుగుపుట్టి మంచివి కూడా పోతాయి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. పొలంలో తీసిన అసలు ఫోటోలో తేదీ, సమయం, అనుమతి ఇచ్చి ఉంటే అక్షాంశ రేఖాంశాలు కూడా దాగి ఉంటాయి. దాన్నే వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఆ వివరాలు రాలిపోతాయి, బొమ్మ కూడా పలచబడుతుంది. కనుక వాట్సాప్ ప్రతి ఉంది కదా అని అసలు ఫోటో తీసెయ్యకూడదు. పంపవలసి వస్తే డాక్యుమెంటుగా పంపాలి. ఆండ్రాయిడ్ ఫోనులో ఫైలు పేరులో డబ్ల్యూఏ అనే అక్షరాలు కనబడితే అది వాట్సాప్ ప్రతి అని గుర్తు. రెండవ జాగ్రత్త గూగుల్ ఫోటోస్ గురించి. బ్యాకప్ అయిన ఫోటోను ఆ యాప్‌లో డిలీట్ చేస్తే ఫోనులోనిదీ, గూగుల్ దగ్గరున్నదీ రెండూ పోతాయి. చెత్తబుట్టలో 60 రోజులుండి ఆపైన తిరిగిరావు. ఫోనులో మాత్రమే జాగా ఖాళీ చేయడానికి అందులోనే వేరే మీట ఉంది.

పేర్లు పెట్టడంలో ఒక చిన్న కిటుకు. తేదీని 05-12-2023 అని మొదలుపెడితే అన్ని ఏళ్ళ అయిదో తేదీలు ఒకచోట కలుస్తాయి. 2023-12-05 అని సంవత్సరం ముందు రాస్తే ఆల్బములు వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి.

కొత్త చెత్తకు అడ్డుకట్ట

మన బెంజ్ సర్కిల్‌నే చూడండి. చెన్నై–కోల్‌కతా రహదారి, బందరు రోడ్డు అక్కడ కలుస్తాయి. వంతెన లేని రోజుల్లో ఊరికి రావలసిన బండ్లూ, ఊరితో పనిలేని లారీలూ ఒకే కూడలిలో ఇరుక్కునేవి. ఇప్పుడు నేరుగా పోయేవి పైనుంచి పోతున్నాయి. ఫోనులోనూ దారులు వచ్చేచోటే విడదీయాలి. వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆపి, మీడియా గ్యాలరీలో కనబడకుండా సెట్టింగు మార్చితే, గ్రూపుల బొమ్మలు మన ఫోటోల మధ్యకు చొరబడవు. కావలసినదాన్ని మనమే విడిగా దించుకోవచ్చు.

ప్రతులు ఎన్ని, ఎక్కడ?

అమెరికన్ ఛాయాగ్రాహకుడు పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం గుర్తుంచుకోవడం సులభం. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట. ఫోనులో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, గూగుల్ వంటి చోట ఒకటి. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 గిగాబైట్లే. 2021 జూన్ 1 నుంచి కొత్తగా ఎక్కించే ఫోటోలన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. కనుక తాలంతా ఎక్కిస్తే ఆ గాదె కూడా నిండిపోతుంది. పెన్‌డ్రైవ్‌లో సమాచారం విద్యుదావేశం రూపంలో ఉంటుంది. ఏళ్ళ తరబడి వాడకుండా పడేస్తే ఆ ఆవేశం మెల్లగా కారిపోవచ్చు. ఏడాదికొకసారి తెరిచి, పనిచేస్తున్నదో లేదో చూసి, ప్రతి కొత్తగా రాసుకోవడం మంచిది. ఆ పెన్‌డ్రైవ్ కూడా ఆల్బం పక్కనే కింది అరలో పెడితే వరదకు రెండూ ఒకేసారి పోతాయి. పై అరలోనో, వేరే ఊళ్ళో బంధువుల ఇంటనో ఉండాలి. ఏడాదికి పది మంచి ఫోటోలు స్టూడియోలో కాగితం మీద వేయించి ఉంచుకుంటే ఇంకా నయం. వాటిని చూడటానికి చార్జింగు అక్కరలేదు.

విద్యార్థి మిత్రులకు మనవి

ఈ పని మన ఫోనుతో ఆగిపోకూడదు. ఊళ్ళో అమ్మానాన్నల ఫోన్లలోనే ఆధారాలున్నాయి. వాటిని ఏరే తీరిక, అలవాటు వారికి లేవు. సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు ఒక సాయంత్రం నాన్నగారి పక్కన కూర్చుని, ఆయన్ని అడుగుతూ నాలుగు కుప్పలూ వేరు చేయండి. అడగకుండా మాత్రం ఒక్కటి కూడా తీసెయ్యకండి. మనకు తాలుగా కనబడిన మసక ఫోటోలో ఆయన గుర్తుపట్టే మనిషి ఉండవచ్చు. అలాగే ఇంట్లోని పాత ఆల్బం తీసి, పగటి వెలుతురులో ఒక్కొక్క ఫోటోకు ప్రతి తీసి, అందులో ఎవరెవరున్నారో పెద్దలను అడిగి పేర్లు రాసి పెట్టండి. పేర్లు చెప్పగలవాళ్ళు మన మధ్య ఉండగానే ఆ పని జరగాలి. వచ్చే వానాకాలం లోపల మన కళాశాలలోని ప్రతి విద్యార్థి తన ఇంటికి ఈపాటి సేవ చేయగలడని నా నమ్మకం.