పునీత అగస్టీను వారి హిప్పో నగరం

ఏటా ఆగస్టు 28న పునీత అగస్టీను వారి పండుగ చేసుకుంటాం. ఆయన 'హిప్పో మేత్రాణులు' అని జ్ఞానోపదేశంలో పిల్లలకు నేర్పుతాం. ఆ హిప్పో ఎక్కడుందని పిల్లలు ఎదురు ప్రశ్న వేస్తే మనలో చాలామంది ఇటలీ అనేస్తాం. కాదు, అది ఆఫ్రికా.

మధ్యధరా సముద్రానికి దక్షిణపు ఒడ్డున, అల్జీరియా దేశపు ఈశాన్య మూలలో అన్నాబా అనే ప్రాంతం ఉంది. పడమట ఎదూగ్ కొండలు సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. పక్కనే సేబూస్ నది సముద్రంలో కలుస్తుంది. ఫినీషియ వర్తకుల రేవుగా మొదలైన ఊరిది. నుమీదియ రాజులు నివసించినందున రోమీయులు దీనిని 'రాజుల హిప్పో' అన్నారు. రేగుపండ్లకు అరబ్బీలో ఉన్న పేరునుండి 'అన్నాబా' వచ్చిందంటారు. 1832 నుండి 1962 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది.

అగస్టీను వారు పుట్టింది 354లో, ఇక్కడికి దక్షిణంగా ఉన్న తగాస్తెలో. నేడది సూక్ అహ్రాస్. 391లో మఠం కోసం చోటు వెదుకుతూ హిప్పోకు వస్తే, విశ్వాసులు ఆయనను పట్టుకొని గురుపట్టానికి నిలబెట్టారు. ఆయన కన్నీళ్లు పెట్టుకున్నారు. కొన్నేళ్లకే మేత్రాణులై, 30 ఏళ్లకు పైగా ఆ పీఠంలోనే ఉన్నారు. 'దైవనగరం' గ్రంథం వ్రాసింది ఇక్కడే.

429లో వాండలులు స్పెయిన్ నుండి ఆఫ్రికాకు దాటారు. ఊళ్లు కాలుతున్నాయి. గురువులు పారిపోవచ్చా అని హొనొరాతుస్ అనే మేత్రాణులు అడిగారు. ప్రజలు ఉండి, వారికి దివ్యసంస్కారాలు అవసరమైనంత వరకు కాపరి కదలరాదని అగస్టీను వారు జాబు వ్రాశారు. అది వట్టి సలహా కాదు. మరుసటి ఏడు శత్రువులు హిప్పోనే ముట్టడించినప్పుడు, 75 ఏళ్ల ఆయన నగరంలోనే ఉండిపోయారు. మూడవ నెలలో జ్వరం వచ్చింది. పశ్చాత్తాప కీర్తనలు వ్రాయించి, మంచం ఎదుటి గోడకు పెట్టించుకొని, చదువుతూ ఏడ్చేవారట. 430 ఆగస్టు 28న కన్నుమూశారు. ఆస్తి లేదు గనుక వీలునామా వ్రాయలేదని ఆయన శిష్యుడు పొస్సీదియుస్ చెప్పారు. నగరం తరువాత కాలిపోయినా ఆయన గ్రంథాలయం మిగిలింది.

నేడు హిప్పో శిథిలాల పైనున్న కొండమీద ఆయన పేరిట బసిలికా ఉంది. కట్టడం 1881లో మొదలైంది. చుట్టూ ఉన్నవారు దాదాపు అందరూ ముస్లింలే. పక్కనే కన్యస్త్రీలు వృద్ధాశ్రమం నడుపుతున్నారు. అందులో ఉండే వృద్ధులలోనూ ముస్లింలే ఎక్కువ.