చిన్న కారు, ఇంధన పొదుపు: ప్రతి కుటుంబం వేసుకోదగిన లెక్క

2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ గనులు మూతపడిన తరువాత రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, ఊరిగాం, మారికుప్పం ప్రాంతాలలోని అనేక కుటుంబాలకు బెంగళూరే జీవనాధారమయింది. వేకువ రైలు ఎక్కి, రాత్రికి తిరిగివచ్చేవారు వేల సంఖ్యలో ఉన్నారు. రైలు వేళలతో పని వేళలు కుదరనివారు, వృద్ధులను పెద్దాసుపత్రులకు తీసుకువెళ్లేవారు చిన్న కారును ఆశ్రయిస్తున్నారు. పోను రాను సుమారు 200 కిలోమీటర్ల ప్రయాణంలో లీటరుకు మూడు నాలుగు కిలోమీటర్ల తేడా స్వల్పంగా కనిపించినా, నెలాఖరుకు అది ఇంటి బడ్జెట్టునే కుదిపివేస్తుంది. ఆ తేడా ఎక్కడ పుడుతుందో, దానిని ఎట్లా తగ్గించుకోవచ్చునో వివరించడమే ఈ పాఠం ఉద్దేశం.

1. ప్రకటించిన మైలేజీ, చేతికందే మైలేజీ

కారు అమ్మకపు పత్రంలో కనిపించే మైలేజీ ప్రయోగశాలలో తేల్చినది. అక్కడ కారు చక్రాలను రోలర్ల మీద ఉంచి, ముందే నిర్ణయించిన వేగాల క్రమంలో నడుపుతారు. ఆ పరీక్షలో ఎదురుగాలి ఉండదు, గుంతలు ఉండవు, హొసకోటె దాటిన తరువాతి వాహనాల రద్దీ ఉండదు. కనుక ఆ అంకె ఒక కారును మరొక కారుతో పోల్చడానికే పనికివస్తుంది. రోడ్డు మీద అంతకంటె తక్కువ రావడం సహజం.

2. వాస్తవ మైలేజీని కొలిచే పద్ధతి

బంకులో ట్యాంకు నింపించి, మీటరులోని కిలోమీటర్ల అంకెను రాసుకోవాలి. యథాప్రకారం కారును వాడుకొని, మళ్లీ వీలైతే అదే బంకులో ట్యాంకు నింపించాలి. ఉదాహరణకు మొదటి అంకె 24,350, రెండవ అంకె 24,750 అనుకుందాం. నడిచిన దూరం 400 కిలోమీటర్లు. రెండవసారి పట్టిన పెట్రోలు 25 లీటర్లయితే, 400ను 25తో భాగించగా లీటరుకు 16 కిలోమీటర్లు వస్తుంది. ఒక్కసారి కొలతను నమ్మరాదు. మూడుసార్లు కొలిచి సగటు తీసుకోవాలి.

3. ఇంధనం ఖర్చయ్యే మార్గాలు

వేగం: గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోల్చితే 90 కిలోమీటర్ల వేగంలో అది రెండుంపావు రెట్లు. చిన్న కారు ఇంజను ఆ భారాన్ని మోయడానికి అదనపు ఇంధనం తాగుతుంది. రహదారి మీద వేగం నిలకడగా ఉండాలి, పై గేరులో సాగాలి. దీనిని మించిన పొదుపు మార్గం లేదు.

బ్రేకు: ఒక్కుదుటున వేగం పెంచి, వెంటనే బ్రేకు వేస్తే అంతవరకు ఖర్చయిన ఇంధనం బ్రేకుల వేడిగా వృథా అవుతుంది. ముందున్న రద్దీని దూరం నుంచే గమనించి, యాక్సిలరేటరు మీది కాలును ముందుగా తీయడం అలవరచుకోవాలి.

టైర్లు: గాలి తగ్గిన టైరు రోడ్డును ఎక్కువగా హత్తుకొని చక్రాన్ని వెనక్కి లాగుతుంది. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు వద్ద అంటించిన చీటీలో ఉంటుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడే, కనీసం పదిహేను రోజులకొకసారి, కొలిపించాలి.

నిలుపుదల: రైల్వే గేటు వద్ద ఇంజను ఆపకుండా నిలిపితే మైలేజీ సున్నా. నిమిషానికి మించి ఆగవలసివస్తే ఇంజను ఆపడమే లాభం.

ధూళి: గాలికాలంలో సైనైడ్ దిబ్బల నుంచి లేచే ధూళి ఇంజను ఎయిర్ ఫిల్టరులో పేరుకుంటుంది. మన పట్టణంలో దానిని సర్వీసు గడువుకంటె ముందుగానే చూపించడం మంచిది.

పెట్రోలు: ప్రస్తుతం బంకులలో లభించేది 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు. ఇథనాలులో శక్తి పెట్రోలుకంటె తక్కువ కనుక మైలేజీ కొంత తగ్గుతుంది. పాత కారు గలవారు ఈ ఇంధనానికి తమ ఇంజను, గొట్టాలు తగినవో కావో మెకానిక్కును అడిగి తెలుసుకోవాలి.

4. కుటుంబపు లెక్క

లెక్క సులువుకై లీటరు పెట్రోలు ధర 100 రూపాయలనుకుందాం. 200 కిలోమీటర్ల ప్రయాణానికి:

లీటరుకు 16 కిలోమీటర్లయితే 12.5 లీటర్లు, 1,250 రూపాయలు.
లీటరుకు 20 కిలోమీటర్లయితే 10 లీటర్లు, 1,000 రూపాయలు.

రోజుకు 250 రూపాయల తేడా. నెలకు 24 పనిదినాలకు 6,000 రూపాయలు. ఇది కొత్త కారు కొనడం వలన వచ్చిన ఆదా కాదు, అదే కారును శ్రద్ధగా నడపడం, సరిగా చూసుకోవడం వలన చేకూరగలది.

ఇంతకంటె పెద్ద ఆదా మరొకటి ఉంది. లీటరుకు 20 కిలోమీటర్లు నడిచే కారులో ఒక్కరే వెళితే, ఆ లీటరు ఒక మనిషిని 20 కిలోమీటర్లు చేరుస్తుంది. నలుగురు కూర్చుంటే బరువు వలన మైలేజీ 18కి తగ్గినా, నలుగురినీ 18 కిలోమీటర్ల చొప్పున చేరుస్తుంది, మొత్తం 72. ఇరుగుపొరుగువారు కలిసి వెళ్లడం మేలన్నది ఇందుకే. అయితే తెల్ల నంబరు పలక గల సొంత కారులో కిరాయి తీసుకొని ప్రయాణికులను ఎక్కించుకోవడం చట్టవిరుద్ధమని మరువరాదు. పని వేళలు అనుకూలించిన రోజున రైలుతో సమానమైన పొదుపు ఏ కారుకూ లేదు.

5. అభ్యాసం

1. ఒక కారు 360 కిలోమీటర్లకు 20 లీటర్ల పెట్రోలు తీసుకొన్నది. దాని మైలేజీ ఎంత?
2. ఒక వాహనం మైలేజీ 10 నుంచి 12కు, మరొకదాని మైలేజీ 20 నుంచి 22కు పెరిగింది. 100 కిలోమీటర్ల ప్రయాణంలో దేనికి ఎక్కువ పెట్రోలు మిగులుతుంది?

జవాబులు: 1. లీటరుకు 18 కిలోమీటర్లు. 2. మొదటిదానికి సుమారు 1.7 లీటర్లు, రెండవదానికి సుమారు 0.45 లీటరు మిగులుతుంది. కాబట్టి ఇంట్లో రెండు వాహనాలుంటే, తక్కువ మైలేజీ ఇచ్చేదానిపైనే ముందుగా శ్రద్ధ పెట్టాలి.