గోడ చాటుకెళ్లినా బుల్లెట్ ఎందుకు తగిలింది?

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా బ్యాచ్‌లో ఇద్దరు ఫ్రెండ్స్ ఎదురెదురు టీముల్లో ఆడారు. ఒకడు సిటీలో ఇంటి ఫైబర్ మీద, ఇంకొకడు ఊళ్లో డాబా ఎక్కి ఫోన్ హాట్‌స్పాట్ మీద. "నేను గోడ చాటుకి వచ్చేశాక చచ్చాను. నువ్వు హ్యాక్ వాడావ్ రా!" అన్నాడు సిటీ వాడు. "నా ఎదురుగానే ఉన్నావు, చూసే కొట్టాను!" అన్నాడు డాబా వాడు. తర్వాత నెల రోజులు మాటల్లేవు. తమాషా ఏంటంటే, ఇద్దరూ చెప్పింది నిజమే.

ఇలాంటి షూటింగ్ గేముల్లో తుది తీర్పు సర్వర్‌ది. మన క్లిక్ సర్వర్‌కి వెళ్లాలి, ఫలితం తిరిగి రావాలి. ఈ రానూపోనూ సమయమే పింగ్. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకి దాదాపు 2 లక్షల కి.మీ. హైదరాబాద్ నుంచి సింగపూర్ గీత గీసినట్టు వెళ్లినా సుమారు 3,300 కి.మీ. అంటే ఎంత డబ్బు పోసి ప్లాన్ తీసుకున్నా, సర్వర్ అక్కడుంటే పింగ్ 33 మిల్లీసెకన్ల కంటే తగ్గదు. ఫిజిక్స్‌తో బేరాలు కుదరవు కదా!

ఇప్పుడు డాబా వాడి లెక్క వేద్దాం. పింగ్ 120 అనుకోండి. సిటీ వాడు ఎక్కడున్నాడో సర్వర్ నుంచి వాడి తెరకి చేరడానికి 60. బొమ్మ కుదుపుల్లేకుండా కదలాలని గేమ్ ఎదుటివాళ్లని కావాలనే కాస్త ఆలస్యంగా చూపిస్తుంది. ఇదే ఇంటర్‌పొలేషన్. వాల్వ్ సంస్థ సోర్స్ ఇంజిన్‌లో దీని డిఫాల్ట్ 100. వాడి క్లిక్ సర్వర్‌కి చేరడానికి ఇంకో 60. మొత్తం 220 మిల్లీసెకన్లు. సెకనుకి 5 మీటర్లు పరిగెత్తేవాడు ఈలోగా 1.1 మీటర్లు జరుగుతాడు. గోడ చాటుకి చేరడానికి అది చాలు.

మరి సర్వర్ ఎవరి మాట వినాలి? 1996లో జాన్ కార్మాక్ క్వేక్‌వరల్డ్‌లో క్లయింట్ ప్రెడిక్షన్ తెచ్చాడు. దాంతో మన అడుగు మనకి వెంటనే కనిపించడం మొదలైంది. కానీ శత్రువు మాత్రం పాత చోటే కనిపిస్తాడు కాబట్టి, పింగ్‌ని బట్టి వాడి ముందు ఖాళీలోకి గురిపెట్టి కొట్టాల్సి వచ్చేది. దీనికి ఇంకో దారిని వాల్వ్ ఇంజినీర్ యాన్ బెర్నియర్ 2001 నాటి పేపర్‌లో వివరించాడు. సర్వర్ అందరి పాత స్థానాలూ కొంతసేపు గుర్తుపెట్టుకుంటుంది. క్లిక్ అందగానే, కొట్టినవాడు అప్పుడు తెర మీద ఏం చూశాడో అక్కడికి కాలాన్ని వెనక్కి తిప్పి, గురి సరిపోయిందా లేదా అని చూస్తుంది. ఇదే లాగ్ కాంపెన్సేషన్.

అంటే ఆలస్యం మాయమవ్వలేదు, చేతులు మారిందంతే. పాత పద్ధతిలో ఆ నష్టం కొట్టేవాడిది, కొత్త పద్ధతిలో దాక్కునేవాడిది. ఎవరికీ అన్యాయం జరగని మూడో దారి లేదు. సరిగ్గా గురిపెడితే తగలాలి అన్న నమ్మకం లేకపోతే షూటింగ్ గేమే ఉండదు కాబట్టి, చాలామంది డిజైనర్లు కొట్టేవాడి వైపు మొగ్గారు. అలాగని ఎంత వెనక్కైనా తిప్పరు, దానికో హద్దు పెడతారు. లేకపోతే చెత్త నెట్ ఉన్నవాడే రాజు!

సర్వర్ సెకనుకి ఎన్నిసార్లు లెక్క చూస్తుందన్నది టిక్ రేట్. వాలొరాంట్‌లో ఇది 128, అంటే 7.8 మిల్లీసెకన్లకోసారి. టిక్ రేట్ పెంచితే కొంత ఆలస్యం తగ్గుతుంది. కానీ డాబా మీది సిగ్నల్‌ని అది బాగుచేయలేదు.

నిజంగా మోసం చేసేవాళ్లు లేరనడం లేదు. గోడల అవతల చూపించే, గురి దానంతటదే కుదిర్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కానీ "చాటుకెళ్లాక చచ్చాను" అన్న ఒక్కటే సాక్ష్యమైతే, ముందు స్కోర్‌బోర్డ్‌లో ఇద్దరి పింగ్ చూసి, పైన వేసిన కూడిక ఓసారి వేయండి. 220 మిల్లీసెకన్ల తేడాకి నెల రోజుల మౌనం మరీ ఎక్కువ.