పాఠకుని అభిప్రాయం

ఒక పుస్తకాన్ని చదివి ముగించిన వారిని “ఎలా ఉంది?” అని అడిగితే, “బాగుంది” లేక “బాగా లేదు” అన్న సమాధానమే తరచుగా వినవస్తుంది. ఈ మాటలు చదివినవారి ఇష్టాయిష్టాలను తెలుపుతాయే కాని పుస్తకాన్ని గురించి ఏమీ తెలుపవు. ఎందుకు బాగుంది, ఎక్కడ బాగుంది, ఎంతవరకు బాగుంది అన్న ప్రశ్నలకు బదులు చెప్పగలిగినప్పుడే ఇష్టం అభిప్రాయంగా మారుతుంది. కారణం లేని మెప్పు ముఖస్తుతి. కారణం లేని తెగడ్త నింద.

అన్ని పుస్తకాలనూ ఒకే కొలతతో కొలవడం కూడా న్యాయం కాదు. ధాన్యాన్ని కుంచంతోను, బంగారాన్ని త్రాసుతోను, వస్త్రాన్ని గజంతోను కొలిచేవారు. అట్లే సాహిత్యంలో ఒక్కొక్క ప్రక్రియను అడగవలసిన ప్రశ్న ఒక్కొక్కటి ఉంటుంది. గడచిన కొద్ది మాసాలలో నేను చదివిన అయిదు తెలుగు గ్రంథాలను ఆధారంగా చేసుకొని ఈ సంగతిని వివరిస్తాను.

మొదటిది ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. చెన్నపట్టణంలోని సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన వీరాస్వామయ్య 1830 మే 18న పరివారంతో బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరుకున్నారు. గయ, కలకత్తా, పురీ మొదలైన చోట్లు చూచుకొని 1831 సెప్టెంబరు 3న స్వస్థలానికి తిరిగి వచ్చారు. దారిలో ఆయన మిత్రునికి వ్రాసిన లేఖలు 1838లో గ్రంథంగా వెలువడ్డాయి. యాత్రాచరిత్రను మనం అడగవలసిన ప్రశ్న ఇది: రచయిత చూచినదానిని ఉన్నదున్నట్లు చెప్పాడా? ఈ పరీక్షకు వీరాస్వామయ్య నిలుస్తారు. బాట రాతినేలా బురదనేలా, ఊరిలో అంగళ్ళు ఉన్నాయా, బావినీరు మంచిదా అన్నవి ఆయన ఓపికగా నమోదు చేశారు. ఊళ్ళ పేర్లు, మజిలీలు వరుసగా రావడం వల్ల కొన్ని పుటలు నేటి పాఠకునికి విసుగు కలిగించవచ్చు. కాని రైలు లేని కాలంలో దేశం ఎలా ఉండేదో తెలుసుకోగోరే వారికి ఆ పుటలే పెన్నిధి. అయితే ఒక్క ఆలోచన నన్ను వదలలేదు. ఆ ప్రయాణంలో పల్లకి మోసిన బోయీలు తమ యాత్రను వ్రాసి ఉంటే ఆ గ్రంథం ఎలా ఉండేది?

కాశీకి పోగలిగినవారి కథ అది. గుడి గడప దాటే వీలు లేని వాని కథ గుర్రం జాషువా ‘గబ్బిలం’. 1941లో వెలువడిన ఈ కావ్యంలో అంటరానివాడని వెలివేయబడిన నాయకుడు తన గోడును కాశీ విశ్వనాథునికి విన్నవించమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. కాళిదాసు యక్షునికి మేఘం దూత అయినట్లు, ఇతనికి గబ్బిలం దూత అయింది. ఆలయంలోనికి మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి మాత్రం అడ్డు లేదు. కావ్యాన్ని అడగవలసిన ప్రశ్న, చెప్పిన రీతికీ చెప్పిన విషయానికీ పొత్తు కుదిరిందా అన్నది. జాషువా ప్రాచీనమైన సందేశకావ్య రీతిని, పద్యాన్ని స్వీకరించి, వాటికి ఎన్నడూ చోటు దక్కని మనిషి గొంతును అందులో నిలిపారు. పద్యం పాతదే అయినా వేదన కొత్తది. ఈ కావ్యానికి బలం ఆగ్రహం ఒక్కటే కాదు, ఆగ్రహాన్ని అదుపులో ఉంచిన శిల్పం కూడా.

ఇదే వేదన నవలగా విస్తరించినది ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’. జాతీయోద్యమంలో జైలుకు వెళ్ళిన ఉన్నవ కారాగారంలో ఈ నవలను రచించారు. 1922లో వెలువడిన దీనిని నాటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. నవలను అడగవలసిన ప్రశ్న: మనుషులు తమ స్వభావాన్ని అనుసరించి నడుస్తున్నారా, రచయిత సిద్ధాంతం కోసం నడుస్తున్నారా? భక్తుడైన రామదాసు కష్టాలను ఓర్పుతో సహిస్తాడు. సంగదాసు చౌదరయ్య చేతి దెబ్బకు బలి అవుతాడు. వెంకటదాసు తిరుగుబాటు మార్గం పడతాడు. తండ్రి శాంతమూ కుమారుని ఆగ్రహమూ రెండూ పాఠకుని మనస్సును తాకేటట్లు రచయిత చిత్రించారు. కొన్ని చోట్ల సుదీర్ఘమైన చర్చలు కథ నడకను మందగింపజేస్తాయి. ఆ లోపాన్ని ఒప్పుకుంటూనే, పల్లెలోని కూలివాని ఇంటిని నవలకు కేంద్రం చేసిన సాహసాన్ని మెచ్చుకోవలసిందే.

నాలుగవది గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’. 1892లో విజయనగరంలో ప్రదర్శించిన ఈ నాటకం 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దీనిని ఎంతగానో పెంచి, మార్చి మరల ప్రకటించారు. నాటకాన్ని అడగవలసిన ప్రశ్న, మాట పాత్రదా, రచయితదా అన్నది. గిరీశం, రామప్పంతులు, మధురవాణి, వీరిలో ఎవరి మాట వారిదే. పేరు మూసి చదివినా మాట్లాడుతున్నది ఎవరో తెలుస్తుంది. అయితే గిరీశం చమత్కారాలకు నవ్వి ఊరుకొనే పాఠకుడు నాటకంలో సగాన్నే చదివినట్లు. అగ్నిహోత్రావధానులు ధనానికి ఆశపడి ముదుసలి లుబ్ధావధానులకు ఇవ్వజూపిన పసిపిల్ల సుబ్బి గొంతు మనకు దాదాపుగా వినిపించదు. అందరూ ఆమెను గురించి మాట్లాడేవారే. నా అభిప్రాయంలో ఈ హాస్యనాటకంలోని విషాదమంతా ఆ మౌనంలో ఉంది.

చివరిది శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ఆత్మకథ ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’. వేదశాస్త్రాలకు నిలయమైన ఇంట పుట్టిన శ్రీపాద, పెద్దలు కోరిన సంస్కృత విద్యామార్గాన్ని కాదని తెలుగు రచన వైపు మళ్ళిన వైనం ఇందులో ఉంది. గోదావరి సీమ నుడికారం, వంటిళ్ళ సంభాషణలు, గురుకులాల కష్టాలు కళ్ళకు కట్టినట్లు కనిపిస్తాయి. ఆత్మకథలో సాక్షి, న్యాయమూర్తి ఒకరే. కనుక దానిని అడగవలసిన ప్రశ్న, చెప్పేవాడు ఎదుటివారికి కూడా న్యాయం చేశాడా అన్నది. శ్రీపాద తన పట్టుదలను, అభిమానాన్ని దాచుకోలేదు. ఆ నిష్కాపట్యమే గ్రంథానికి అందం. కాని ఆయనతో విభేదించిన వారి వాదం మనకు ఆయన నోటనే వినిపిస్తుందన్న సంగతిని పాఠకుడు మరువరాదు.

ఈ అయిదు గ్రంథాల ప్రక్రియలు వేరు, కాలాలు వేరు. అయినా పక్కపక్కన ఉంచి చదివినప్పుడు ఒకదానిని ఒకటి ప్రశ్నిస్తాయి. యాత్రికుని కాశీని గబ్బిలం ప్రశ్నిస్తుంది. తన కథను తానే చెప్పుకోగలిగిన శ్రీపాద పక్కన, మాట దక్కని సుబ్బి మౌనం మరింత బరువుగా తోస్తుంది. ఒకే రకమైన పుస్తకాలు చదివే వారికి ఈ సంభాషణ వినిపించదు.

‘మాలపల్లి’ని నిషేధించినప్పుడు ప్రభుత్వం చేసినదేమిటి? పాఠకులు చదివి తేల్చుకోవలసిన విషయాన్ని వారి పక్షాన తానే తేల్చివేసింది. ఆనాటి పాఠకుల నుండి ఆ హక్కును బలవంతంగా లాగుకున్నారు. మూలగ్రంథం తెరువకుండా ఇతరుల సంగ్రహాలను వల్లించి, వారి తీర్పునే తన తీర్పుగా చెప్పే విద్యార్థి అదే హక్కును తనంతట తానే వదులుకుంటున్నాడు. పీఠికలు, విమర్శలు చదువవలసినవే. అయితే ముందు గ్రంథం చదివి, మనకు తోచినదానిని రెండు వాక్యాలలోనైనా వ్రాసి ఉంచుకొని, ఆ తరువాత పెద్దల మాటతో పోల్చి చూచుకోవాలి. వారితో ఏకీభవించినా, విభేదించినా అప్పుడు ఆ అభిప్రాయం మనదవుతుంది.

అభ్యాసం

1. ఇష్టానికీ అభిప్రాయానికీ గల భేదాన్ని రచయిత ఎలా వివరించారు?
2. ‘కాశీయాత్ర చరిత్ర’, ‘గబ్బిలం’ గ్రంథాలను పక్కపక్కన ఉంచి చదవడం వల్ల కలిగే ప్రయోజనమేమిటి?
3. ‘కన్యాశుల్కం’లోని విషాదాన్ని గురించి రచయిత చెప్పిన మాటతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు తెలపండి.
4. మీరు ఇటీవల చదివిన ఒక పుస్తకం ఏ ప్రక్రియకు చెందినదో పేర్కొని, దానిపై మీ అభిప్రాయాన్ని కారణాలతో వ్రాయండి.