దూరదేశమున క్రిస్మసు

పండుగనాడు తనవారి నడుమ నుండవలెనని కోరని మనుజుడుండడు. సంక్రాంతికి, ఉగాదికి కర్నూలు, కడప పట్టణములందలి బస్సు నిలయములను చూచినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. కూలికై బెంగుళూరు వెళ్లినవాడును, కొలువునకై హైదరాబాదు చేరినవాడును ఆనాటికి సొంతయూరి దారి పట్టుదురు. కాని విద్యార్థియై సముద్రములు దాటిపోయిన వానికి ఈ భాగ్యము సులభముగ లభింపదు.

తెలుగువారు చదువునకై విదేశములకేగుట నేటి మాట కాదు. రాయలసీమవాడైన కట్టమంచి రామలింగారెడ్డి 1902లో ఇంగ్లండునకేగి కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చదివెను. యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా చేరి హార్వర్డు విశ్వవిద్యాలయమున విద్య నభ్యసించెను. ఆ దినములలో ప్రయాణము ఓడపై వారముల తరబడి సాగెడిది. ఇంటినుండి జాబు వచ్చుటకును అంతకాలము పట్టెడిది. నేడు విమానము ఒక్క దినములో చేర్చుచున్నది. టెలిఫోనులో తల్లి ముఖము చూచుచు మాటలాడవచ్చును. అయినను డిసెంబరు మాసమున పరదేశమందలి విద్యార్థి హృదయమును క్రమ్ముకొను ఒంటరితనము మాత్రము పూర్తిగ తొలగలేదు.

దీనికి కారణములు లేకపోలేదు. ఇంగ్లండులో డిసెంబరు నడుమ విశ్వవిద్యాలయములకు సెలవులిత్తురు. తోడి విద్యార్థులు తమ తమ యిండ్లకు పోవుదురు. వసతిగృహములు బోసిపోవును. లండను నగరమున ఆ దినములలో సూర్యుడు ఉదయము ఎనిమిది గంటలు దాటిన పిమ్మట ఉదయించి, సాయంకాలము నాలుగు గంటలకు ముందే అస్తమించును. అదే కాలమున కడపలో సుమారు పదునొకండు గంటలు వెలుతురుండును. ఇక 25వ తేదీన ఆ దేశమున రైళ్లు నడువవు. అంగళ్లు చాలవరకు మూసియుండును. ఎర్రటి యెండలో పెరిగిన రాయలసీమ బిడ్డకు ఆ చీకటియు, ఆ నిశ్శబ్దమును ఎంత బరువుగ తోచునో ఊహింపవచ్చును.

ఇట్టి విద్యార్థి యొకడు కర్నూలు - కడప కాలువ ఒడ్డునగల యొక పల్లెనుండి ఇంగ్లండునకు పోయెను. సెలవులు సమీపింపగా, అతనితో చదువుచున్న ఆంగ్లేయ యువకుడొకడు క్రిస్మసునకు తన యింటికి రమ్మని పిలిచెను. అతడు వెంటనే బదులు చెప్పలేకపోయెను. తన మతము వేరు, తాను శాకాహారి. పరుల పండుగలో పాలుగొన్నచో తనది విడిచినట్లగునేమో యని సంకోచించెను.

అప్పుడతనికి చిన్ననాడు చూచిన దేవుని కడప జ్ఞప్తికి వచ్చెను. తిరుమలకు గడపయని పేరొందిన ఆ వేంకటేశ్వరాలయమునకు ఉగాదినాడు ముస్లిములు భక్తితో వత్తురు. స్వామిని చేపట్టిన బీబీ నాంచారమ్మ తమ యింటి ఆడుబిడ్డయని వారి విశ్వాసము. అదే కడపలోని పెద్ద దర్గాకు హిందువులు మొక్కులు చెల్లింప పోవుదురు. గుడికి వచ్చిన ముస్లిము తన మతమును విడువలేదు. దర్గాకు పోయిన హిందువు తనది విడువలేదు. ఈ తలంపుతో అతని సంకోచము తీరెను. వచ్చెదనని మిత్రునకు మాట యిచ్చెను.

ఆ యింట నడిమి గదిలో దీపములతో అలంకరించిన పచ్చని చెట్టొకటి నిలిపియుండిరి. జర్మనుల ఆచారమైన ఈ చెట్టు, విక్టోరియా రాణి భర్తయగు ఆల్బర్టు కాలమున ఇంగ్లండు ఇండ్లలో ప్రచారము పొందెను. 1848లో ఒక పత్రిక రాజకుటుంబము ఆ చెట్టు చుట్టును నిలిచియున్న చిత్రమును ప్రకటించినది మొదలు సామాన్యులును దానిని విరివిగ నిలుపసాగిరి. మధ్యాహ్నము అందరును కాగితపు కిరీటములు ధరించి భోజనమునకు కూర్చుండిరి. ఇంటి యిల్లాలు అతని నియమమును ముందే విచారించి, పప్పుగింజలతో కాల్చిన వంటకమును వేరుగ సిద్ధపరచెను. మూడు గంటలకు రాజుగారి సందేశము విన్నారు. ఈ ఆచారము 1932లో అయిదవ జార్జితో ఆరంభమైనది.

మరునాడు వంట తనదని అతడు ముందే మాట తీసికొనియుండెను. తల్లి కట్టియిచ్చిన బొరుగులను నీట తడిపి పిండి, ఉల్లి, పచ్చిమిరపతో తాలింపు వేసి, పుట్నాల పొడి చల్లి ఉగ్గాని చేసెను. మిరపకాయ బజ్జీలు కాల్చెను. మిత్రుని అవ్వ మొదటి బజ్జీ కొరికి కన్నీరు తుడుచుకొనుచునే రెండవదానికి చేయి చాచెను. అందరును నవ్విరి.

ఆ నవ్వుల నడుమ ఇల్లాలు, "నాయనా, మీ యూరిలో క్రిస్మసు ఎట్లు జరుపుదురు?" అని అడిగెను.

అతడు మాటలాడలేకపోయెను. వారి యూరిలో క్రైస్తవులు లేకపోలేదు. నంద్యాలలోని హోలీక్రాసు ఆలయమును అతడు దారివెంట పోవుచు చూచియుండెను. జమ్మలమడుగున లండను మిషనువారు స్థాపించిన కాంప్‌బెల్ ఆసుపత్రిని గూర్చి పెద్దలవలన వినియుండెను. డిసెంబరు రాత్రులందు ఊరి చివరి వాడలో వెలుగు నక్షత్రపు దీపములను మిద్దెపైనుండి చూచియుండెను. తబలా, హార్మోనియములతో వారు పాడు తెలుగు కీర్తనలను పడకపైనుండి వినియుండెను. అతనితో ఒకే బల్లపై కూర్చుండి పదియేండ్లు చదివిన మిత్రుడు ఆ వాడవాడే. ప్రతి సంవత్సరము అతడు పండుగకు పిలుచుచునే యుండెను. కాని ఒక్కనాడును ఇతడు పోలేదు. పోవలదని ఇంటిలో ఎవరును గట్టిగ చెప్పలేదు, పొమ్మనియు చెప్పలేదు. అడ్డు నిలిచినది మతము కాదు, కులము. వేలమైళ్ల సముద్రమును దాటి క్రిస్మసునకు వచ్చినవాడు తన యూరిలో రెండు వీధులు దాటలేకపోయెను.

అతడు దాచక ఉన్నమాట చెప్పెను. ఇల్లాలు నిందింపలేదు. "ఆ మిత్రునితో ఇప్పుడైన మాటలాడరాదా?" అని మాత్రము అనెను.

అప్పుడచట సాయంకాలము అయిదు గంటలు. స్వదేశమున రాత్రి పదిన్నర. అతడు టెలిఫోను చేసి పండుగ శుభాకాంక్షలు తెలిపెను. అవతలివాడు కొంతసేపు మౌనము వహించి, పిదప నవ్వి, "ఏమిరా, సీమ దాటిన పిమ్మట గాని మా యిల్లు నీకు గుర్తు రాలేదా?" అనెను. ఆ మాటలో చనువు కలదు, నొప్పియు కలదు. ఇతడు రెంటిని గ్రహించెను.

ఇంగ్లండునుండి కడపకు వచ్చిన అతిథి యొకని చరిత్ర ఇచట స్మరింపదగినది. చార్లెస్ ఫిలిప్ బ్రౌను కుంపిణీ ఉద్యోగియై 1820లో కడప చేరెను. అతడు పండితులను తన బంగళాకు చేర్చుకొని, తాటాకు ప్రతులను సేకరించి, 1829లో వేమన పద్యములను అచ్చొత్తించెను. పరుల భాషను నేర్చినంతమాత్రమున అతడు తన భాషను కోల్పోలేదు. అతడు నివసించిన చోట కడపలో నేడు అతని పేర భాషా పరిశోధన కేంద్రము వెలసియున్నది. పరుల ముంగిట వినయముతో నిలిచినవానికి నష్టమేమియు కలుగదనుటకు ఇది నిదర్శనము.

రెండేండ్ల పిమ్మట ఆ విద్యార్థి చదువు ముగించి డిసెంబరులో స్వగ్రామమునకు వచ్చెను. 25వ తేదీ ఉదయమున పండ్లు తీసికొని ఊరి చివరి వాడకు బయలుదేరెను. తల్లి వాకిట నిలిచి చూచెను, ఏమియు అనలేదు. కొంతసేపటికి లోనికిపోయి, తాను చేసిన కజ్జికాయలను డబ్బాలో పోసి, "వట్టి పండ్లతో పోవుదురా? ఇవియు వారికిమ్ము" అని చేతికిచ్చెను.

మిత్రుని యింటి గడపపై నక్షత్రపు దీపము వ్రేలాడుచుండెను. అతడు తల వంచి లోనికి పోయెను. మిత్రుని తల్లి అప్పటికే అతనికొరకు విస్తరి వేసియుంచెను.