తెలుగు కథలు దేశమంతా చేరాలంటే?

ప్రశ్న: పిల్లల కోసం ప్రవక్తల కథలు తెలుగులో రాశాను. పుస్తకంగా వేసి దేశమంతా అమ్మడం ఎలా?
– ఓ ఉపాధ్యాయిని, మహబూబ్‌నగర్

జవాబు: మంచి పని తలపెట్టారమ్మా. తెలుగు ప్రతులకు రెండు రాష్ట్రాలు దాటితే పాఠకులు తక్కువ. దేశమంతా చేరాలంటే హిందీ, ఉర్దూ, ఇంగ్లిష్ అనువాదాలు కావాలి.

ముందు తెలుగులో కొద్ది ప్రతులే వేయండి. ఇస్లాం సంప్రదాయం ప్రకారం ప్రవక్తల రూపాలు గీయించకండి. ఎడారి, ఓడ, ఒంటెల బొమ్మలు చాలు. ఒక్కో భాషకు విడిగా ఐఎస్‌బీఎన్ (పుస్తక గుర్తింపు సంఖ్య) తీసుకోండి. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ప్రతి పంపాలి. హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో ఆదరణ చూసి, గుడ్‌వర్డ్ బుక్స్ వంటి ప్రచురణ సంస్థలను అనువాదాల గురించి అడగండి.

అచ్చుకు ముందు రాతప్రతిని ఆలిమ్‌కు (ఇస్లాం ధర్మ పండితుడికి) చూపించండి. హక్కుల ఒప్పందంపై సంతకం పెట్టేముందు న్యాయవాదిని తప్పక కలవండి.