1979 మోడల్ కారు కొనవచ్చా?

ప్రశ్న: కాలిఫోర్నియాలో ఉంటున్నాను. 1979 నాటి కారు ఒకటి బేరంలో ఉంది. ముప్పై ఏళ్లు దాటితే స్మాగ్ పరీక్ష అక్కర్లేదని అమ్మే ఆయన అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, ఫ్రీమాంట్

జవాబు: ఆయన చెబుతున్నది పాత సంగతండీ. ఒకప్పుడు ముప్పై ఏళ్లు నిండిన కార్లకు ఏటేటా మినహాయింపు వచ్చేది. 2004లో చేసిన చట్టం దాన్ని 1975 మోడల్ దగ్గరే ఆపేసింది. ఆ తర్వాతి పెట్రోలు కారుకు ఎంత వయసొచ్చినా మీ ఊళ్లో రెండేళ్లకోసారి పరీక్ష తప్పదు. 35 ఏళ్లు దాటి, కలెక్టర్ బీమా (సేకరణ కార్లకు చేయించే బీమా) ఉన్నవాటిని పూర్తిగా వదిలేయాలని, పాత కార్లు సేకరించే టీవీ హాస్యనటుడు జే లెనో మద్దతుతో ఎస్‌బీ 712 బిల్లు వచ్చింది. సెనేట్ దాటింది గానీ, 2025 ఆగస్టులో అసెంబ్లీ అప్రాప్రియేషన్స్ కమిటీలో ఆగిపోయింది. సరదాకి నెలకోసారి బయటికి తీసే బండ్ల మీద ఇంత పట్టుదల ఎందుకో నాకైతే అర్థం కాదు.

చిన్న వెసులుబాటు మాత్రం ఉంది. కలెక్టర్ బీమా చేయిస్తే, స్మాగ్ రెఫరీ (రాష్ట్రం తరఫు తనిఖీ కేంద్రం) దగ్గర పరికరాల తనిఖీ చాలావరకు తప్పుతుంది. అయినా పొగగొట్టం పరీక్ష నెగ్గాలి, ఇంధనం కారకూడదు, ట్యాంకు మూత బిగువుగా ఉండాలి.

అన్నట్టు, అమ్మకానికి ముందు 90 రోజుల్లోపు తీసుకున్న స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది అమ్మేవారే. ధర తగ్గిస్తాను, పరీక్ష మీరే చేయించుకోండి అంటే ఒప్పుకోకండి.